ప్రాజెక్టు కోసమా, ఇంటి కోసమా?

పోయిన గురువారం పొద్దున మా లైబ్రరీ మేడం కొండపల్లిలో కన్నుమూశారు. కాలేజీలో నాకు జూనియర్ అయిన అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం ఇక లేరక్కా" అంది. కొంతకాలంగా ఆవిడకు ఒంట్లో బాగుండటం లేదని తెలుసు. అయినా ఆ మాట వినడానికి నేను సిద్ధంగా లేను.

విజయవాడలో నేను సైకాలజీ చదివిన కాలేజీలో ఆవిడ లైబ్రేరియన్. పరిశోధన వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయో, ఎలా వెతకాలో చూపే వెబ్ పేజీ ఒకటి మా కోసం తయారుచేశారు. మొదట్లో దాని నిండా లింకులే. ఆవిడ మా వెనక కుర్చీ వేసుకుని, మేం ఎక్కడ తికమకపడుతున్నామో చూసేవారు. అక్కడ కొన్ని లింకులు తీసేసేవారు. "దారి అడిగితే ఊరంతా చూపించకూడదమ్మా" అనేవారు. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇప్పుడు చూడు, దొరికిందా?" అని అడిగేవారు.

ఆ పేజీ తయారైన ఏడాదే మా అన్నయ్య ప్రమాదంలో పోయాడు. పామర్రులో మా నాన్న పొలానికి వెళ్ళడం మానేశారు. క్రమంగా మాట్లాడటమూ మానేశారు. ఒకరోజు ఆ పేజీలో సెర్చ్ బాక్సు కనిపిస్తే, "నాన్న మాట్లాడటం లేదు" అని తెలుగులో టైపు చేశాను. ఏమీ రాలేదు. వెనక నుంచి మేడం మెల్లగా అడిగారు.

"ఇది ప్రాజెక్టు కోసమా, ఇంటి కోసమా?"

"ఇంటి కోసమేనండీ."

ఆవిడ నన్ను పక్క గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. అన్నయ్య సంగతీ, నాన్న సంగతీ చెప్పాను. "వ్యాసాలు తర్వాత చదువుదువుగాని. ముందు నాన్నగారిని డాక్టరుకు చూపిద్దాం" అన్నారు. ఆదివారం ఆవిడే బస్సెక్కి పామర్రు వచ్చారు. "మీ అమ్మాయి బెంగపడుతోందండీ, ఒక్కసారి డాక్టరు దగ్గరికి వచ్చి వెళ్ళండి" అని నాన్నను అడిగారు. అంతవరకూ ఎవరి మాటా వినని మనిషి లేచి చొక్కా వేసుకున్నారు. నాన్న కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది.

తర్వాత ఆ పేజీ మారింది. వ్యాసాల కంటే పైన "మీ కోసం, మీ వాళ్ళ కోసం" అని ఒక భాగం వచ్చింది. కాలేజీ కౌన్సెలర్‌ను ఎప్పుడు కలవచ్చో అందులో ఉండేది. డిప్రెషన్ పక్కన దిగులు, యాంగ్జైటీ పక్కన గాభరా అని తెలుగు మాటలు చేర్చారు. "పిల్లలు తమకొచ్చిన మాటతోనే వెతుకుతారు. అది తెలుగైనా దారి దొరకాలి" అన్నారు. ఇప్పుడు నేనూ సైకాలజీ పాఠాలు చెబుతున్నాను. మొదటి రోజు నా విద్యార్థులకు ఆ పేజీయే చూపిస్తాను.

కబురు తెలిసి నాన్న కూడా నాతో కొండపల్లి వచ్చారు. నేను లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. బయట అరుగు మీద మేడం భర్త ఒక్కరే ఉన్నారు. నాన్న వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తున్నాను. చాలాసేపటికి నాన్న చెయ్యి ఆయన భుజం మీద పడింది. ఎండ అరుగెక్కేదాకా అక్కడే ఉంది.