ట్యాంకెక్కిన అన్న, దాహమేసిన కానిస్టేబుల్

ఇది మహాకావ్యం. ముందే చెబుతున్నాను, గుండె దిటవు చేసుకోండి. ఇందులో ఎవరూ ఎక్కలేని శిఖరం ఉంది. దాని మీద ఒంటరి వీరుడున్నాడు. కింద సాయుధ బలగం ఉంది. నడుమ విషం ఉంది.

సరే, అంత లేదు. శిఖరం అంటే నాచారంలో మేం అద్దెకున్న బిల్డింగు మీది నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు. వీరుడు మా పెదనాన్న కొడుకు. సాయుధ బలగం అంటే ఒక లాఠీ, దాన్ని పట్టుకున్న ఒక కానిస్టేబుల్. విషం సంగతి మాత్రం అన్ననే అడగాలి. దాన్ని చూసినవాడు ఆయనొక్కడే.

మేమిద్దరం మేడ మీది ఒంటిగదిలో ఉండేవాళ్ళం. ఓనరు దాన్ని పెంట్‌హౌస్ అనేవాడు. ఆ మాటకి కూడా అద్దె పడుతోందేమోనని నా అనుమానం. అన్న అక్కడికి దగ్గర్లోని మందుల కంపెనీలో మిషన్ ఆపరేటరు. నేను రోజూ ఉప్పల్ వెళ్ళి ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. చూసేవాళ్ళకి అది పనిలాగే కనబడుతుంది.

ఆ ఎండాకాలం అన్నకి ముందు నిద్ర పోయింది, తర్వాత నమ్మకం పోయింది. మొదట క్యాంటీన్ సాంబారులో ఏదో కలుపుతున్నారన్నాడు. ఆ అనుమానం నాకూ ఉండేది కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత కర్రీ పాయింట్ మీదికి మళ్ళాడు. ఆ తర్వాత నా మీదికి. నేను వండిన అన్నం ముందు నన్నే తినమని, తిన్నాక కాసేపు నా మొహం చూసి, అప్పుడు ముద్ద పెట్టుకునేవాడు. నా వంటని రుచి చూసి అనుమానించినవాళ్ళు చాలామందే ఉన్నారు. చూడకముందే అనుమానించింది ఆయనే. ఆయన నన్ను కనిపెడుతుంటే నేను ఆయన్ని కనిపెట్టేవాణ్ణి. గదిలో మనుషుల బదులు రెండు సీసీ కెమెరాలు కాపురం పెట్టినట్టుండేది.

ఊరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మంచి దవాఖానకి తోల్కపో. పోలీసోళ్ళ దాంక మాత్రం పోనియ్యకు. లాఠీ సూస్తె ఇంకింత బెదురుతడు." సరేనన్నాను. నిద్రకి మాత్రలిస్తారని చెబితే అన్న కూడా దవాఖానాకి వస్తానన్నాడు.

దవాఖానాకి బయల్దేరాల్సిన పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని గది బయటికి వచ్చి, తలెత్తి చూశాడు. ట్యాంకుకి మూత లేదు. అది గాలివానకి ఎప్పుడో ఎగిరిపోయింది. కొత్తది వేయిస్తానని ఓనరు అంటూనే ఉన్నాడు.

"మూత ఎవడు తీసిండు?" అని నా వైపు చూశాడు. అంతే. ట్యాంకు వాల్వు కట్టేసి, దాని పిడి ఊడబెరికి జేబులో వేసుకుని, ఇనుప నిచ్చెనెక్కి ట్యాంకు దిమ్మె మీద కూర్చున్నాడు, కాళ్ళు వీధి వైపు వేలాడేసి. కింద నాలుగంతస్తులు.

అన్న నిద్ర మానేస్తే ఎవరికీ పట్టలేదు. తిండి మానేస్తే పట్టలేదు. కుళాయిలు ఆగేసరికి బిల్డింగు బిల్డింగంతా మేడెక్కింది.

"దిగన్నా, ఇంట్ల బాసన్లన్నీ తోమకుండ గట్లనే ఉన్నయ్!" అంది రెండో అంతస్తు అక్క.

"నీ పిల్లల కోసమే కూసున్ననక్కా. గీ నీళ్ళు తాపియ్యకు."

నేను పక్కనున్న క్లినిక్కి ఫోన్ చేసి అంబులెన్స్ అడిగాను. "పేషెంట్ కిందికి దిగినంక చెయ్యండి సార్" అన్నారు. ఈలోగా ఓనరు పోలీసులకి ఫోన్ కొట్టాడు. "హలో, ఇక్కడొకడు తాగి న్యూసెన్స్ చేస్తుండు."

"అంకుల్, ఆయన నీళ్ళే తాగుతలేడు, మందెక్కడ తాగిండు?"

"నువ్వు ఊకో. పానం బాగలేదంటే ఎవడొస్తడు? తాగిండంటే ఉరికొస్తరు."

అన్నట్టే ఉరికొచ్చారు. డ్రైవరు బండిలోనే ఉండిపోతే, కాస్త వయసూ కాస్త పొట్టా ఉన్న కానిస్టేబుల్ మెట్లన్నీ ఎక్కి, చొక్కా తడిసిపోయి, లాఠీతో నిచ్చెన మీద టంగుమని కొట్టాడు. "ఏయ్, దిగు. దిగి నోరు ఊదు."

"నేనెందుకు ఊదుత? నా నోట్లకెల్లి ఏం గుంజుకుంటవ్?"

కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. "గంజాయా?"

"కాదు సార్. మనసు బాగలేదు."

"మనసా? లవ్ ఫెయిల్యూరా?"

"మొదలైతె కద సార్ ఫెయిలయ్యేది."

నవ్వలేదు. గదిలోకి వెళ్ళి పరుపు ఎత్తి చూశాడు. గ్యాస్ మాత్రల అట్ట దొరికితే వాసన చూశాడు. బయటికొచ్చి మళ్ళీ టంగుమనిపించాడు. చప్పుడైనప్పుడల్లా అన్న అంచు వైపు ఇంకాస్త జరుగుతున్నాడు. నేను నిచ్చెన దగ్గరికి వెళ్ళాను.

"సార్, లాఠీ జర పక్కకి పెట్టున్రి."

"నువ్వెవడివిరా నాకు చెప్పనీకి?"

"తమ్ముణ్ణి సార్."

"నాకు నీ మీదనే డౌటుంది."

"నాక్కూడ సార్!" అన్నాడు అన్న పైనుంచి. ఆ రోజు చట్టానికీ ఆయనకీ కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అది.

కానిస్టేబుల్ నిచ్చెన మీద కాలు పెట్టాడు. నేను అడ్డం నిలబడ్డాను. ఇక దెబ్బ నాకే పడుతుందనుకున్నాను. కాని కానిస్టేబుల్‌కి ఊపిరి అందలేదు. లాఠీ గోడకానించి, మా గుమ్మం నీడలోకి వెళ్ళి, అక్కడున్న బిందెలో గ్లాసు ముంచి గటగటా తాగేశాడు.

అవి ముందురోజు ట్యాంకు నుంచి పట్టిన నీళ్ళు.

"సార్! ఉమ్మెయ్ సార్, ఉమ్మెయ్!" అని కేక పెట్టి అన్న నిచ్చెన దిగాడు. దిగడం కాదు, జారాడు. కానిస్టేబుల్ వీపు చరుస్తూ, "తమ్మీ, సూస్తవేంది? బండి దియ్యమను! దవాఖానకి పోవాలె, సార్ సచ్చిపోతడు!" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు.

కానిస్టేబుల్ గ్లాసు వైపు చూసి, నా వైపు చూశాడు. "ఏం కలిపినవ్ రా?"

"ఏం లేదు సార్. రోజూ నేను గవే తాగుత."

"గందుకే గిట్లున్నవ్."

ముగ్గురం పోలీసు బండెక్కాం. దారి పొడుగునా అన్న కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని నాడి చూస్తూనే ఉన్నాడు. "నేను ముందే చెప్పిన" అని బండి కదిలేటప్పుడే ఓనరు వీధికంతా చెప్పడం వినబడింది. ముందే ఏం చెప్పాడో ఇప్పటికీ తెలియదు.

పెద్ద దవాఖానాలో చీటీ రాసేవాడు పేషెంట్ ఎవరని అడిగాడు. అన్న కానిస్టేబుల్‌ని చూపించాడు. కానిస్టేబుల్ అన్నని చూపించాడు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. చివరికి మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ అన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నిద్రపోయి ఎన్నాళ్ళయిందని అడిగింది. ఆ ప్రశ్నకి ఆయన చాలాసేపు జవాబు చెప్పాడు. వార్డులో ఉంచుకున్నారు. వెళ్ళబోతూ కానిస్టేబుల్ ఆమెని పక్కకి పిలిచి, తన కడుపులో ఏదోలా ఉంది, ఏం కాదుగదా అని మెల్లగా అడిగాడు.

గేటు దగ్గర నేనూ అడిగాను. "సార్, ఆయన దిగాలనే తాగిన్రా?"

"ఎండ మామూలుగున్నదా?" అన్నాడు. నిజమే చెప్పాడో, తెలివి దాచుకున్నాడో, నాకింకా అనుమానమే.

ఇలాంటప్పుడు పోలీసులు రావాలా అంటే, రావాలంటాడు ఓనరు. వద్దంటుంది పెద్దమ్మ. మరి వాళ్ళొచ్చారు కదా, మంచే జరిగింది కదా అని నన్నడిగేవాళ్ళున్నారు. జరిగింది. కాని అన్నని దింపింది పోలీసు కాదు, పోలీసు దాహం. అదే చలికాలమైతే, కానిస్టేబుల్ నిచ్చెన రెండో మెట్టు ఎక్కి ఉంటే... దీని మీద నాకు జోకు రావడం లేదు. నాకది మామూలు విషయం కాదు. డాక్టరమ్మలాంటి మనిషి ఒకరు మేడ దాకా ఎందుకు రారో, లాఠీ మాత్రమే ఎందుకొస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు.

అన్న ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు, నిద్రపోతున్నాడు, డ్యూటీకి వెళ్తున్నాడు. గదికి తిరిగి రావడానికి ఒకే షరతు పెట్టాడు, ట్యాంకుకి మూత ఉండాలని. ఓనరుని నమ్ముకోకుండా ఇద్దరం ఉప్పల్ వెళ్ళి తెచ్చి బిగించాం.

ట్యాంకు మూత విడిగా కూడా అమ్ముతారు. కొలత తీసుకుని వెళ్ళాలి, కంపెనీ మారితే మర కలవదు.