అలల పలకకు బొంత సంచి

మొన్న పుత్తూరు నుంచి తిరుపతికి వస్తుంటే వడమాలపేట దగ్గర వాన పట్టుకుంది. రైలు గేటు పడి బస్సు ఆగినప్పుడు, పక్కన నిలిచిన పాత లారీ మీది తడిసిన టార్పాలిన్ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఇప్పటి నీలం ప్లాస్టిక్ పట్టాలకు ఏ వాసనా ఉండదు. ఇది ముతక నూలుగుడ్డకు మైనం పట్టించిన పాతకాలపు టార్పాలిన్. దుమ్ము, మైనం, కిరసనాయిలు, తడినూలు కలిసిన ఆ వాసన మా నాయనది. ఆయన చొక్కాలో, అరచేతుల్లో, చివరికి నాకు కలిపిపెట్టే సంగటి ముద్దలో కూడా అదే ఉండేది.

తిరుపతి రైల్వేస్టేషన్ వెనక సందులో మా ఇల్లు. ఇంటి ముందు వసారానే నాయన అంగడి. లారీల టార్పాలిన్లు, జట్కాల పైకప్పులు, జాతర పందిళ్లకు కట్టే గుడ్డలు, చిరిగినవన్నీ ఆడికే వచ్చేవి. వేసవిలో గంగజాతర వారమంతా ఆయనకు ఊపిరి ఆడేది కాదు. మా సందు పిల్లలం మాత్రం పొద్దున్నే వీధిలోకి వచ్చే వేషాల వెనక పరుగెత్తి, గుడి కాడ పోసే అంబలి చల్లగా తాగి, మధ్యాహ్నం ఎండకు తలుపులు మూసుకుని చింతపిక్కలతో వామనగుంటలు ఆడుకుని, చిత్తూరు నుంచి వచ్చిన మామిడికాయలు ఉప్పూకారం అద్దుకుని పళ్లు పులిసిపోయేదాకా తినేవాళ్లం. మా అవ్వ, అంటే నాయన వాళ్ల అమ్మ, నోట్లో వక్కాకు నములుతూ పాత చీరలు మడతల మీద మడతలు పరిచి బొంతలు కుట్టేది. ఆమె వేసే కుట్లు చీమలబారు మాదిరి వంకర లేకుండా సాగిపోయేవి. ఇంట్లో మేము ముగ్గురమే. అమ్మ నాకు ఎనిమిదేళ్లప్పుడు పచ్చకామెర్లతో పోయింది. ఆమె చీరలు నాలుగు ట్రంకు పెట్టెలో ఉండేవి. ఎవరూ చూడనప్పుడు నేను మూత ఎత్తి వాటిలో ముఖం పెట్టుకునేదాన్ని.

నాకు పదేళ్లు వచ్చిన ఏడాది, జాతర అయిపోయి నాయన పందిరిగుడ్డలు దులిపి మడతపెడుతున్న రోజుల్లో, ఒక జట్కా మా ఇంటి ముందు ఆగింది. దాంట్లోంచి ఎర్రగా కమిలిపోయిన ముక్కుతో ఒక తెల్లాయన దిగి, దుప్పట్లు చుట్టిన ఏడడుగుల పలకను పసిబిడ్డను దించినట్టు దించినాడు. దుప్పటి విప్పితే పసుపు రంగులో నున్నగా మెరుస్తూ, ముందు మొన తేలి, వెనక అడుగున చేపరెక్క లాంటిది ఒకటి ఉండాది. సందులో జనమంతా మూగినారు. తలుపు అన్నారు కొందరు, పడవ అన్నారు కొందరు. ఎదురింటి మేరమ్మ టీచరుకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆమెను పిలుచుకొచ్చినారు. సముద్రంలో అలల మీద దీన్ని వేసుకుని నిలబడి పోతాడంట, కొండకు పోయి దర్శనం చేసుకుందామని ఈడ దిగినాడంట, రైలు పెట్టెలో మూటల కింద పడి దీని సంచి పీలికలైందంట, మొన కూడా పగిలిందంట, ఇంకో దెబ్బ తగిలితే పనికిరాదంట, మెత్తగా కొత్త సంచి కుట్టియ్యాలంట. టీచరు ఒక్కొక్క మాటా చెబుతుంటే అవ్వ నమ్మలేక, నీళ్ల మీద నిలబడేవాళ్లు యాడన్నా ఉంటారా అని నవ్వింది. ఆ పలక తనే చెక్కుకున్నాడని విన్నాక మాత్రం నాయన ముఖం మారింది. చేత్తో చేసిన వస్తువంటే ఆయనకు గౌరవం.

పలకను నేల మీద పడుకోబెట్టి నాయన సుద్దముక్కతో చుట్టూ గీత గీసినాడు. పైకి లారీ టార్పాలిన్ గుడ్డ, మొన దగ్గర జట్కా సీటు తోలు, రెక్క కోసం చీలిక, మూతికి ఇత్తడి రింగులు, తాడు. అంతవరకు ఆయనకు తెలిసిన పనే. లోపల మెత్త ఏం పెట్టాలన్నదే తేలలేదు. కొబ్బరిపీచు గీరుతుంది. బూరుగుదూది తడిస్తే ఉండలు కడుతుంది. రెండు రోజులు ఆలోచించి, చివరికి అవ్వనే బొంత కుట్టమన్నాడు. అవ్వ తన పాత చీరలన్నీ పరిచింది. పలక ఒంటికి తగిలే లోపలి పొరకు ఒక చీర తక్కువైంది. అది అన్నిటికన్నా మెత్తగా, బాగా నలిగిన నూలుదై ఉండాల.

ఆ సాయంత్రం నేను ఆటనుంచి వచ్చేసరికి అవ్వ చేతుల కింద అమ్మ ఆకుపచ్చ నారాయణవనం నేత నూలుచీర ఉండాది. అమ్మ రోజూ ఇంట్లో కట్టుకున్నది అదే. అప్పటికే సగం దూరం కుట్లు పడిపోయినాయి. కోపంతో నాకు కళ్లు కనపడలేదు. అవ్వ చేతిలోంచి లాగి జానెడు మేర కుట్లు తెంపేసినాను. అవ్వ కొట్టడానికి చెయ్యెత్తింది కానీ నాయన అడ్డం వచ్చి, నన్ను తీసుకుపోయి టార్పాలిన్ మడతల మీద కూచోబెట్టినాడు. అమ్మ పోయినాక ఆమె గురించి ఆయన మాట్లాడటం అదే మొదలు.

"మీయమ్మ సముద్రం సూడాలని శానాసార్లు అడిగింది పాపా. రేపు, మాపు అని నేనే దాటేసినా. ఆమె చీరన్నా పోనీ ఆడికి."

నేను తెంపిన దారాన్ని వేలికి చుట్టుకుంటా కూచున్నాను. నాయనే మళ్లీ అన్నాడు.

"నీకొద్దంటే ఇప్పుడే ఇప్పేస్తా. నువ్వు చెప్పు."

ఆయన గొంతులో బెదిరింపు లేదు, బుజ్జగింపు కూడా లేదు. వద్దంటే నిజంగానే విప్పేస్తాడని తెలుసు. అది తెలిసినందుకే వద్దనలేకపోయినాను. పోయి అవ్వ పక్కన కూచుంటే ఆమె సూది నా చేతికిచ్చింది. నేను తెంపినంత మేరా నేనే కుట్టినాను. అవ్వ కుట్ల నడుమ ఆ జానెడు పొడవునా నా కుట్లు ఎగుడుదిగుడుగా పడినాయి. అవ్వ వాటిని విప్పలేదు.

తెల్లాయన సంచి తీసుకోవడానికి వచ్చినప్పుడు, లోపలి గుడ్డ ఎవరిదో టీచరు ఆయనకు చెప్పింది. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న మనిషి సంచిలోకి చెయ్యి పెట్టి ఆ గుడ్డను ఒకసారి తడిమినాడు. పలకను మెల్లిగా లోపలికి దూర్చి, మూతి తాడు బిగించకుండానే నా పక్కకు తిరిగి, మీ అమ్మ పేరేమని అడిగించినాడు. సుబ్బరత్నమ్మ అని చెప్పినాను. మూడుసార్లు పలికి చూసినాడు, మూడుసార్లూ తప్పే పలికినాడు. నేను నవ్వలేదు, నాయనా నవ్వలేదు. జట్కా మలుపు తిరిగేదాకా ఇద్దరం వాకిట్లోనే నిలబడినాం.

మరుసటి ఏడాది నాయన అంగడి మూసి అవ్వనూ నన్నూ బస్సులో మద్రాసు తీసుకుపోయినాడు. అవ్వ చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, ప్రతి అలకూ దండం పెట్టింది. నేను ఒళ్లంతా తడిసి నాయన కోసం వెనక్కి చూస్తే, ఆయన దూరంగా ఇసుకలో కూచుని ఉన్నాడు. ఎంత పిలిచినా నీళ్ల దాకా రాలేదు.

ఇప్పుడా సందులో లాడ్జీలు లేచినాయి. జట్కాలు పోయినాయి. పట్టా చిరిగితే పారేసి కొత్తది కొంటారు గానీ కుట్టించేవాళ్లు లేరు. ఆ పలక ఏ తీరాన ఉందో, ఆ సంచి ఎన్నాళ్లు నిలిచిందో నాకు తెలియదు. అమ్మవి మిగిలిన మూడు చీరలు అవ్వ నాకే ఇచ్చింది, అవి నా దగ్గరే ఉన్నాయి. పోయిన ఆ ఒక్క చీరకు అంచు ఏ రంగో మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. అడుగుదామంటే అవ్వా లేదు, నాయనా లేడు.