మా ఆయన పెట్టిన టైము

గిద్దలూరు స్టేషన్‌లో ఆ రోజు నా పక్కన ఒక పెద్దాయన కూర్చుని సెల్లులో వార్తలు చూస్తున్నాడు.

"ఇంక దేశమంతా సర్కారు టైమే పెట్టుకోవాల్నంట చెల్లెమ్మా. ఎవరిష్టం వాళ్లదంటే కుదరదంట" అన్నాడు. అంటూనే నా చేతి వాచీ చూసి నవ్వాడు. "నీది చూడు, రైలు కంటే ముందే మార్కాపురం చేరేటట్టుంది. ఇట్లియ్యి, సరిచేస్తా."

అది చచ్చిపోయిన నా మొగుడి వాచీ. మొగమాటానికి చెయ్యి చాపాను గానీ, పెద్దాయన కీ బయటికి లాగేసరికి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తిప్పొద్దన్నా! అది మా ఆయన పెట్టిన టైము. పలకల క్వారీకి పోయే ఆటో యాడ తప్పిపోతాదోనని ముందుకు పెట్టుకున్నాడు."

"ఇప్పుడాయన యాడుండాడమ్మా?"

"క్వారీలో రాళ్లు మీద పడి పోయినాడు. ఆ పొద్దు గూడా ఆటో అందిందన్నా."

పెద్దాయన ముల్లు కదలకుండా కీని మెల్లగా లోపలికి నొక్కాడు.

"అట్లనే నడవనీ చెల్లెమ్మా. సర్కారోళ్లు వచ్చి అడిగితే నా పేరు చెప్పు."

ఆ పేరేందో నేను అడిగేలోపలే ఆయన రైలొచ్చింది.