గేటు బోర్డు మీద మా వదిన మాట

మొన్న ఉదయం కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండే మా అన్న కొడుకు నుంచి ఫోనుకు ఒక శుభోదయం బొమ్మ వచ్చింది. ఉదయిస్తున్న సూర్యుడు, పక్కన ఒక మహనీయుని ఫొటో, కింద బంగారు రంగు అక్షరాల్లో ఆయన చెప్పినట్టుగా ఒక సూక్తి: ‘కోపంతో చేసిన పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.’ ఆ మహనీయుడెవరో ఇక్కడ చెప్పను, ఆయన పట్ల నేను చేసిన అపచారం ఇప్పటికే చాలు. చదివి ముందు నవ్వుకున్నాను, ఆ తర్వాత మనసు చివుక్కుమంది. ఆ మాట అన్నది ఆయన కాదు, మా వదిన. అంటే, ఆ బొమ్మ పంపినవాడి కన్నతల్లి.

తొంభైల మొదట్లో నేను మా సీమ నుంచి బెంగళూరు వచ్చి, అన్నా వదినల ఇంట్లో ఉంటూ, పీణ్యలో గేర్లు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోర్సు గుమస్తాగా చేరాను. ఆ రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, బడికి వెళ్ళినా బ్యాంకుకు వెళ్ళినా గుమ్మం దగ్గర ఒక నల్లబోర్డు, దాని మీద సుద్దముక్కతో రోజుకొక సూక్తి కనిపించేవి. నా దస్తూరి ముచ్చటగా ఉందని మా ఫ్యాక్టరీ గేటు బోర్డు పని నాకు అంటగట్టారు. క్యాలెండర్ కాగితాల వెనక ఉండే సూక్తి తీసుకుని పైన కన్నడంలోనూ, మావాళ్ళు చాలామంది ఉండేవారు గనుక కింద తెలుగులోనూ రాసేవాణ్ణి.

ఒకరోజు అన్నతో మాటామాటా పెరిగి, ఆ విసురులో క్యారియర్ మూత సరిగా బిగించక, సాంబారంతా చొక్కా మీదా నేల మీదా ఒలకబోసుకున్నాను. వదిన తిట్టలేదు. అన్నీ కడిగి మళ్ళీ మొదటి నుంచి సర్దుతూ, “కోపంగా చేసిన పని రెండు తూర్లు చేయాల్సొస్తాదప్పా” అంది, అంతే. ఆ హడావుడిలో క్యాలెండర్ కాగితం ఇంట్లోనే మరిచిపోయాను. ఖాళీ బోర్డు ముందు కాసేపు బిక్కమొహం వేసుకుని నిలబడి, చివరికి వదిన మాటే రాసేశాను. రాశాక కింద పేరు లేకపోతే బోడిగా కనిపించింది. వదిన పేరు రాస్తే నవ్వుతారని జంకి, ఎదురుగా గోడకు వేలాడుతున్న ఫొటోలోని ఆ మహనీయుని పేరు రాశాను.

ఆరోజు లేతు మిషన్ల వాళ్ళంతా ఆగి ఆగి చదివారు. ఒకాయన జేబు డైరీలో ఎక్కించుకున్నాడు. ఇంటికి వచ్చి జరిగింది చెబితే వదిన పడీ పడీ నవ్వింది. “నా పేరుంటే ఎవురు నిలబడి చదువుతారు? ఆయప్ప పేరే ఉండనీలే” అంది. అలా అన్నదే గానీ, మర్నాడు క్యారియర్ చేతికిస్తూ, బోర్డు మీద అది ఇంకా ఉందా, చెరిపేశారా అని మెల్లగా అడిగింది. ఆ అడగడం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు ఫ్యాక్టరీలోకి కంప్యూటరూ, దాని వెంట ఇంటర్నెట్టూ వచ్చాయి. ఎవరో ఒక సైటు చూపించారు. ఊరూ పేరూ తెలియని వాళ్ళంతా కలిసి మహనీయుల మాటలు పోగుచేస్తున్న చోటది. ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, జీతం భత్యం ఏమీ లేవు. నా క్యాలెండర్ సరుకంతా ఉత్సాహంగా అందులో ఎక్కించబోతే, ఏ పుస్తకం, ఎన్నో పేజీ అని మర్యాదగా అడిగారు. కోపం రాలేదంటే అబద్ధం. అయితే ఆ అడిగినాయన ఒక్క వాక్యం నిజానిజాల కోసం ఒక పుస్తకం పాత ముద్రణలన్నీ తిరగేశారని తెలిశాక నా తల దానంతటదే వంగింది. ఆదివారాలు నేనూ లైబ్రరీలో దుమ్ము దులపడం మొదలుపెట్టాను.

అలా వెతుకుతూ ఒకరోజు మహనీయుని పేజీ తెరిస్తే అందులో వదిన మాట ఉంది! ఏ డైరీలోంచి ఏ సంచికలోకి ఎక్కి అక్కడికి చేరిందో తెలియదు. ముందు ఛాతీ ఉప్పొంగింది, మరుక్షణం అసలు సంగతి తట్టింది. నా పిరికితనం లోకం మీద పడి తిరుగుతోంది. దాని పక్కనే సభ్యులు మాట్లాడుకునే చర్చ పేజీలో జరిగిందంతా దాచకుండా రాసి, ఆ మాట మా వదినదని, ఆమె పేరు పెట్టమని వేడుకున్నాను. మునుపు నన్ను పేజీ నంబరు అడిగినాయనే జవాబిచ్చారు. మీ మాట నమ్ముతున్నాను, కానీ నా నమ్మకం ఆధారం కాదు, ఎప్పుడైనా అచ్చులో కనిపిస్తే తప్పక చెప్పండి అని. ఆ మాటను మాత్రం ‘ఆయన అన్నట్టు ఆధారం లేనివి’ అనే వరుసలోకి మార్చారు.

వదినకు అంతా చదివి వినిపించాను. “ఆయప్ప అన్లేదని తేల్చినారు గదా, మంచోళ్ళే” అని మెచ్చుకుంది. ఆ మీదట, “మరి ఎవురన్నారని రాసినారు?” అంది. వదిన పోయి నాలుగేళ్ళయింది, ఆ ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు పొద్దున లేస్తే ఫోను నిండా సూక్తులే. ఎవరన్నారని అడిగే తీరిక ఎవరికీ లేదు, అడిగినా జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వస్తుంది. ఒక పరాయి వాక్యం కోసం పుస్తకాలు తిరగేసే మనుషుల మధ్య కొన్నేళ్ళు గడిపిన అదృష్టం నాది. మొన్న అన్న కొడుక్కి, ఇది మీ అమ్మ మాటరా అని రాశాను. “నిజంగానా చిన్నాయనా? ప్రూఫ్ ఏమన్నా ఉండాదా?” అని అడిగాడు. ఎంత సంతోషించానో చెప్పలేను, వాడైనా అడిగాడు!

ఆ తెలియని పెద్దమనిషి ఇంకా అక్కడ ఉన్నారో లేదో. ఉంటే, అయ్యా, అచ్చులో కనిపిస్తే చెప్పమన్నారు గదా, ఇదిగో, ఈ పేజీ. ఆ మాట అన్నది మా వదిన. ఆమె పేరు ఓబులమ్మ.