చాలు అనే మనిషి

మా మావయ్య లిఫ్టులు బాగుచేసేవాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "సంబంధం వచ్చినప్పుడల్లా నేను పై అంతస్తులో ఉన్నాను, దిగొచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు" అనేవాడు. అందరూ నవ్వేవారు. మా అమ్మ నవ్వేది కాదు. ముప్పై ఏళ్లపాటు రోజూ పొద్దున్నే క్యారియర్ సర్ది తమ్ముడికి పంపింది.

అమ్మ పోయాక క్యారియర్ ఆగిపోయింది. ఆ సంవత్సరమే మావయ్య రిటైరయ్యాడు. నేనుండేది ఊరికి ఈ చివర, తనుండేది ఆ చివర. రెండు బస్సులు మారాలి. వారానికోసారి ఫోన్ చేసి "తిన్నావా మావయ్యా?" అని అడిగేదాన్ని. "తిన్నానమ్మా, ఈవేళ గ్రేవీ బ్రహ్మాండంగా కుదిరింది" అనేవాడు. ఆ మాటతో నా బాధ్యత తీరిపోయినట్టు పెట్టేసేదాన్ని. అలా రెండేళ్లు గడిపాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ గ్రేవీ ప్యాకెట్‌లోది. మూల కత్తిరించి, గిన్నెలోకి వంపి, వేడిచేసి అన్నంలోనో రొట్టెతోనో తినేయడమే. వీధిలో ఉన్న కొట్లన్నీ తిరిగి దొరికిన రకాలన్నీ తెచ్చాడట. ఒకటి మరీ పులుపు. ఒకదాంట్లో నూనె తప్ప ఏమీ లేదు. ఇంకొకటి గోడకి కాగితాలు అంటించుకోవడానికి పనికొస్తుందట. చివరికి ఎర్ర ప్యాకెట్ ఒకటి కాస్త నయమనిపించింది. ఇక దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాడు.

బాగుచేయడమంటే తన పద్ధతిలోనే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు. ఒక నోటుబుక్కులో గళ్లు గీసి తేదీ, మార్పు, ఫలితం రాసేవాడు. ఉల్లిపాయ వేయించి కలపడం: బాగుంది. టమాటా ఉడికించి కలపడం: ఇంకా బాగుంది. చెంచాడు పాలు: వద్దు. ఉడికించిన బంగాళాదుంప: కడుపు నిండుతుంది, రుచి మామూలే. ఫోన్‌లో ఇవన్నీ చదివి వినిపించేవాడు. నేను ఊఁ కొడుతూ బట్టలు మడత పెట్టుకునేదాన్ని.

ఒక శనివారం తనే ఫోన్ చేశాడు. "అమ్మాయ్, గ్రేవీ తయారైపోయింది. ఇక మార్చాల్సిందేం లేదు. రేపొచ్చి తిని చూడు." ఒక్క క్షణం ఆగి, గబగబా, "నచ్చితే ప్రతి ఆదివారం రావచ్చు" అన్నాడు.

మా మావయ్య నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. అందుకే వెళ్లాను.

జీవితమంతా లిఫ్టులతో గడిపిన మనిషి, లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉంటాడు. రొప్పుతూ ఎక్కి లోపలికి వెళితే, గోడకి ఆనించి ఉండే బల్ల గది మధ్యకి వచ్చి ఉంది. రెండు కుర్చీలు వేశాడు. రెండోది పక్కింటివాళ్లని అడిగి తెచ్చాడని దాని రంగే చెబుతోంది. రెండు కంచాలు పెట్టాడు. ఒకటి కొత్తది, దానికి అంటించిన కాగితం ఇంకా ఊడలేదు.

వడ్డించి, తను తినకుండా నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకోగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రేమ వల్ల కాదు, ఉప్పు వల్ల.

అబద్ధం చెప్పేస్తే పోయేది. కానీ మా ఇంట్లో ఆడవాళ్లకి నోట్లో నువ్వుగింజ నానదు.

"ఇది గ్రేవీయా, ఉప్పు కషాయమా మావయ్యా?"

తను నవ్వాడు, వేళాకోళం అనుకుని. నేను నవ్వకపోయేసరికి తనూ ఒక ముద్ద తిన్నాడు. నిదానంగా నమిలాడు. "సరిగ్గానే ఉంది కదమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు.

నేను గ్లాసెడు నీళ్లు గటగటా తాగడం చూశాక లేచి నోటుబుక్కు తెచ్చాడు. వేలు పెట్టి మొదటినుంచి చదువుకుంటూ పోయాడు. ఉప్పు, చిటికెడు: బాగుంది. కొన్ని పేజీల తర్వాత, ఉప్పు, ఇంకో చిటికెడు: బాగుంది. రెండేళ్లలో పదకొండుసార్లు. పద్ధతి ఎక్కడా తప్పలేదు, ఒకసారికి ఒక్క చిటికెడే పెంచాడు. చిటికెడు పెరిగినప్పుడల్లా నాలుక దానికి అలవాటు పడిపోయింది. ఎక్కువైందని అనడానికి ఆ బల్ల దగ్గర ఇంకో మనిషి కూర్చోలేదు.

మావయ్య నోటుబుక్కు మూసేశాడు.

"లిఫ్టు గది గడపకి సమానంగా ఆగాలంటే ఇద్దరుండాలమ్మా. పైన మిషను దగ్గరున్నవాడికి గడప కనపడదు. కిందివాడు చూస్తూ ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు అని అరవాలి. కింది మనిషి లేకుండా నేను ఏనాడూ మిషను ముట్టుకోలేదు. ఇంత తెలిసీ ఇక్కడ ఒక్కణ్ణే కానిచ్చేశాను చూడు."

నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఉప్పు వల్ల కాదు.

"లే మావయ్యా, మళ్లీ చేద్దాం" అన్నాను.

ఉల్లిపాయా టమాటాలూ బాగా మగ్గనిచ్చి, ప్యాకెట్ సగమే వేసి, కప్పు నీళ్లు పోశాం. అలా చేస్తే ప్యాకెట్ వాసన పోతుంది, కానీ ఉప్పు చాలదు. మావయ్య చిటికెడు ఉప్పు వేళ్లతో పట్టుకున్నాడు. నేను గరిటెతో రుచి చూస్తూ "ఇంకొంచెం" అన్నాను. వేశాడు. "ఇంకొంచెం." వేశాడు. "చాలు!" అని అరిచాను, నిజంగా ఎక్కడో కిందినుంచి అరిచినట్టు. మావయ్య పగలబడి నవ్వాడు. ఇద్దరం గిన్నె ఊడ్చి తిన్నాం. "వచ్చే ఆదివారం వస్తాను" అని మాటిచ్చి మెట్లు దిగాను.

తీరా ఆ ఆదివారం ఆఫీసు పని పడింది. ఆ పై ఆదివారం చుట్టాలొచ్చారు. మూడో ఆదివారం జలుబు. నాలుగోదానికి చెప్పుకోదగ్గ కారణం లేదు, రెండు బస్సులంటే బద్ధకం వేసింది. ఫోన్‌లో "తిన్నావా మావయ్యా?" అంటే "తిన్నానమ్మా" అన్నాడు. బ్రహ్మాండం అన్న మాట ఈమధ్య అనడం లేదని అప్పుడు నాకు తట్టలేదు.

అయిదో ఆదివారం చెప్పకుండా వెళ్లాను. బల్ల ఇంకా గది మధ్యలోనే ఉంది. పక్కింటి కుర్చీ తిరిగి ఇవ్వలేదు. పొయ్యి మీద గ్రేవీ ఉడుకుతోంది. గరిటెతో కాస్త తీసి నోట్లో వేసుకున్నాను. చప్పగా ఉంది.

"ఉప్పు వెయ్యలేదా మావయ్యా?"

తను పక్కకి చూపించాడు. గట్టు మీద నోటుబుక్కు తెరిచి ఉంది. కొత్తగా ఉప్పుకని ఒక గడి గీశాడు. మేం కలిసి వండిన రోజు ఎదురుగా "చాలు" అని ఉంది. ఆ కింద రోజుకో వరస చొప్పున అయిదు వారాలూ ఒకటే మాట: అమ్మాయి వచ్చాక.

"ఇన్నాళ్లూ ఇలాగే తిన్నావా? ఆవేళ వేసినంత వేసుకోవచ్చుగా!" కోపంగానే అన్నాను. నా మీద కోపం తన మీద చూపించాను.

"ఏ పూట టమాటాలు ఆ పూటవమ్మా. ఏ గడపకి ఆ గడప చూసుకోవాల్సిందే." తలదించుకుని గిన్నె కలిపాడు. "నా నాలుక మాట నేనెలా నమ్మను?"

అది నిజమే. అది వంక అని కూడా నాకు తెలుసు, తనకీ తెలుసు.

మావయ్య పక్కకి జరిగి నాకు పొయ్యి దగ్గర చోటిచ్చాడు. డబ్బాలోంచి చిటికెడు ఉప్పు తీసుకుని గిన్నె మీద పట్టుకున్నాడు. "ఊఁ, చెప్పమ్మా" అన్నాడు.

నేను గరిటెతో కాస్త తీసి ఊదుకున్నాను. మావయ్య చెయ్యి గిన్నె మీద అలాగే ఆగి ఉంది.