మా బావ సైలెన్సర్ బేరం

ఈ పొద్దున ముత్తుకూరు రోడ్డులో నా బండి ముందు పోతున్న పాత వ్యానొకటి ఆకాశానికి తారు పూసేంత పొగ వదిలింది. దగ్గుతూ బండి పక్కకు తీసినాను. ఆ ఘాటుతోపాటు మా బావ సైలెన్సర్ కొన్న రోజు కూడా ముక్కులోకి దూరింది. ఆ బేరంలో మా అక్క మాకు దక్కకుండా పోయేదే.

మా బావకు విడవలూరు అవతల సముద్రపు పల్లెలో చేపల వ్యాపారం, దానికొక వ్యాను. ఆ వ్యాను ఎంత పాతదంటే, సముద్రం దానికన్నా కాస్త ముందు పుట్టి ఉండొచ్చు, అంతే. తెల్లారకముందే కానాగంత చేపలు, రొయ్యలు ఐసులో సర్ది పైఊళ్లకు తీసుకుపోయేవాడు. వెనక సీట్లు పీకేసి, గంపల మధ్య వేసిన పలక మీద అక్క కూర్చునేది. ఐసు కరిగిన ఉప్పునీళ్లు కారి కారి వ్యాను నేల జల్లెడైంది. కింద సైలెన్సర్ కూడా తుప్పుతిని చిల్లులు పడింది. దాని చప్పుడుకు మూడూళ్ల అవతల దూడలు తాళ్లు తెంచుకునేవి. బావకు ఆ చప్పుడే ముద్దు. వీధిలో నిలబడి "చేపలో" అని అరవడమంటే ఆయనకు చచ్చేంత సిగ్గు. వ్యాను చప్పుడు వినపడగానే ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వాకిళ్లలోకి వచ్చేస్తుంటే ఇక నోరెందుకు?

ఆ నెలంతా అక్క తలనొప్పి అనేది. వ్యాను దిగగానే వాంతి వచ్చినట్టుందనేది. మా అమ్మ దిష్టి అని తేల్చి ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఉన్న పొగ చాలదన్నట్టు ఇంకో పొగ. నేల చిల్లుల్లోంచి పొగ వస్తోందని అక్క చెబితే బావ తడి గోనెసంచి పరిచి, మహా పని చేసినవాడిలా మీసం దువ్వినాడు.

చివరికి సైలెన్సర్ రోడ్డు మీద ఊడి పడితే గానీ బావా, అక్కా, నేనూ నెల్లూరు దారి పట్టలేదు. షాపులో మెకానిక్ రెండు చూపించినాడు. ఒకటి కంపెనీ రకం, గొట్టం వ్యాను తోక దాకా పోతుంది, పిల్లిలా నడుస్తుంది. రెండోది అక్కడే అతికిన పొట్టిది, గొట్టం నడుం కిందే ఆగిపోతుంది. బావ రెండింటినీ వేలితో తట్టి, చెవి ఆనించి, కొబ్బరికాయలు ఏరినట్టు ఏరినాడు.

"పొట్టిదైతే పొగ లోపలికి కొడతాదన్నా," అన్నాడు మెకానిక్.

"కిటికీలుండాయి కదబ్బా! చప్పుడు పాతదాని మాదిరి ఉండాల. లేకపోతే నా బేరం ఏం గాను?"

పొట్టిదే బిగించినారు. సరిచూడటానికి ఒక చుట్టు తిప్పుదామన్నాడు బావ. ముందు సీట్లో ఆయనా నేనూ. అక్క అలవాటుగా వెనక్కి ఎక్కి, ఎండ కొడుతోందని తలుపులు మూయించుకుంది. దారంతా బావ మొహం పెళ్లికొడుకు మొహమే. పాత చప్పుడు అచ్చంగా దిగింది.

"ఎట్టుండాదే చప్పుడు?" అని వెనక్కి కేకేసినాడు. జవాబు లేదు.

"అలిగినట్టుంది," అని నవ్వినాడు.

నాకు నవ్వు రాలేదు. మా అక్క జవాబు చెప్పకుండా వదిలిపెట్టిన ప్రశ్న ఈ భూమ్మీద లేదు. నిద్రలో అడిగినా రెండు తగిలించి పడుకునే మనిషి.

"ఆపు బావా! బండి ఆపు!"

తలుపు లాగితే పొగ మొహాన కొట్టింది. అక్క గంపల మధ్య ఒరిగిపోయి ఉంది. చేతులు పట్టి కిందికి దించినాం. బావ తువ్వాలుతో విసురుతూ, "ఏమే, తిట్టవే, ఒక్కమాట తిట్టవే," అని వీధంతా వినపడేట్టు ఏడ్చినాడు. ఎవరో ఆటో పిలిచినారు. అందులోనూ బావ ఆమె చెవి దగ్గర అదే మాట అరుస్తూ వచ్చినాడు. నా ఒళ్లో తల వాలిపోయి ఉన్న అక్క, ఆస్పత్రి గేటు దగ్గర కళ్లు తెరిచి గొణిగింది.

"చెవిలో అరవమాకయ్యా. నాకేం చెవుడా?"

డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి, ఇంకాసేపు ఆ పొగలో ఉంటే తన దాకా వచ్చే పని ఉండేది కాదని బావను కడిగిపారేసింది. మర్నాడే కంపెనీ సైలెన్సర్ బిగించి, నేలకు కొత్త రేకు వేయించినాడు. అక్క ముందు సీటుకు మారింది.

తర్వాత పైఊరికి వాళ్లతో నేనూ పోయినాను. వ్యాను వచ్చిన సంగతి కాకికి కూడా తెలియలేదు. వాకిళ్లన్నీ ఖాళీ. బావ దిగి, గొంతు సవరించుకుని, చెమట తుడుచుకుని, "చేపలమ్మా..." అన్నాడు. దోమ కూడా ఇంకాస్త గట్టిగా అంటుంది.

"ఏమయ్యా, ఊరికి చెప్తుండావా, చేపలకి చెప్తుండావా?" అంది అక్క.

బావ కళ్లు మూసుకుని ఒక్క పెట్టున అరిచినాడు. ఎవరికేమైందోనని ముసలమ్మలు గుండెలు బాదుకుంటూ బయటికొచ్చి, ఎటూ వచ్చినాం కదాని చేపలు కొనుక్కుపోయినారు.

ఏళ్లకేళ్లు ఎటు పోయినాయో తెలియదు గానీ, అక్క పలకని ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా పూర్తిగా గడవలేదు.