చినలంక మునసబుగారి నాలుక

చినలంక మునసబు గంగరాజుగారు నాలుక మీద పెట్టనిదే దేన్నీ నమ్మరు. విత్తనాలు కొరుకుతారు, కాలవ నీళ్లు పుక్కిలిస్తారు. కచేరీ నుంచి హుకుం వస్తే లక్క ముద్ర అంచు గిల్లి నోట్లో వేసుకుని, "అసలైనదే" అంటారు. పేడ ఎరువు దగ్గర మాత్రం వాసనతో సరిపెట్టుకుంటారు. అదీ భార్య మహాలక్ష్మమ్మగారు ఒట్టు వేయించుకున్నాక.

ఊళ్లో చిన్న రైతు చిట్టియ్యకు ఆడపిల్ల పుట్టినప్పుడు చూడటానికొచ్చి, పసిదాని కోసం అరగదీసిన వస ముందు తానే నాకారు. "ఘాటెక్కువైందమ్మా వీరవేణీ, నీళ్లు కలుపు" అని పిల్ల తల్లితో చెప్పి గంటసేపు దగ్గారు.

ఆ ఏడు తుపానుకు సముద్రం ఊరి మళ్ల మీదికి వచ్చి వెళ్లింది. ఉప్పుబారిన పొలాలకు శిస్తు మాఫీ చేస్తామని దొరతనం వారు చాటించారు. అది రాకపోతే చిట్టియ్య కూలి పనికి కాకినాడలో రంగూను ఓడ ఎక్కాల్సిందే. మూడు నెలల పిల్లను వదిలి వెళ్లాలంటే ప్రాణం ఒప్పక, నిద్రపోతున్న దాని ముక్కు దగ్గర ఘడియకోసారి వేలు పెట్టి చూసుకుంటున్నాడు.

మళ్లు చూసి మాఫీ రాయడానికి తాసీల్దారుగారు వచ్చేసరికి నాలుగు వానలు పడి, గట్ల మీద గడ్డి పచ్చగా లేచింది.

"ఉప్పేదయ్యా? నాకు కనబడదే?"

"కంటికి దొరకదండీ, నోటికి దొరుకుతుందండీ" అని గంగరాజుగారు చిట్టియ్య మడిలోంచి ఓ బెడ్డ తీసి చప్పరించారు. "తమరూ చిటికెడు..."

"నేనా! మట్టా?"

"ఆయ్, చిటికెడేనండీ."

తాసీల్దారుగారు నాలుకకు తగిలించుకున్నారు. మొహం ముడుచుకుపోయింది. నీళ్లు, నీళ్లు అని కేకేశారు. పక్కనే బావిలోంచి తోడి ఇచ్చారు. అవీ ఉప్పే!

"మిగతా మళ్లన్నీ కూడా నేనే తినాలా?"

"ఎంతమాటండీ! నేను తింటానుగా."

తిన్నారు. ఇరవై మూడు మళ్లూ రుచి చూశారు. అన్నిటికీ "ఉప్పేనండీ" అన్నారు.

తాసీల్దారుగారు కలం కింద పెట్టేశారు. "మునసబుగారూ, మీ ఊరివాళ్ల మీద ప్రేమతో చెబుతున్నారా ఏంటి? ఈ ఊళ్లో ఉప్పు లేని మడి ఒక్కటీ లేదా?"

చిట్టియ్య తలగుడ్డ విప్పి చేతుల్లో పట్టుకున్నాడు.

గంగరాజుగారు సముద్రం వైపున్న చివరి మడిలోకి దిగి, మట్టి నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించారు.

"ఉందండీ. ఇది నా మడే. పటికబెల్లమండీ! దీనికి మాఫీ రాయకండి."

తాసీల్దారుగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. తరవాత కలం తీసుకుని ఇరవై మూడూ రాసేశారు.

తాసీల్దారుగారి బండి కదిలాక చిట్టియ్యకు అనుమానం వచ్చింది. సముద్రపు పక్క మడి తియ్యగా ఎలా ఉంటుంది? వెళ్లి తానూ ఓ బెడ్డ నోట్లో వేసుకున్నాడు. నోరంతా ఉప్పుతో మండిపోయింది. ఉమ్ముకుంటూ మునసబుగారింటికి పరుగెత్తాడు.

"బాబుగారూ, మీ మడి ఉప్పు కషాయమండీ! తమరు అలా చెప్పేశారేంటండీ?"

"ఇరవై మూడు మళ్లు తిన్నాక నాలుకకు ఏం తెలుస్తుందిరా?" అని ఆయన మజ్జిగ చెంబెత్తారు. ఒక గుటక వేసి లోపలికి కేకేశారు. "ఏమేవ్, ఇందులో ఉప్పు వెయ్యలేదేంటి?"

"ఈ యేటికి మీకు చాలు లెండి!" అన్నారు మహాలక్ష్మమ్మగారు.

చిట్టియ్య ఓడ ఎక్కలేదు. పొరుగూరివాళ్లు కదిపితే చాలు, ఛాతీ విరుచుకుంటాడు.

"మా మునసబుగారి నాలుక ఒక్కసారే తప్పిందండీ. అదీ సొంత పొలం దగ్గరండీ, ఆయ్!"